ఇంటికో సబ్‌వూఫర్ కావలెను

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే. తలుపులు తర్వాత పెట్టించుకోవచ్చు. పొయ్యి తర్వాత కొనుక్కోవచ్చు. గోడలకి సున్నం అసలు వేయించకపోయినా కొంపలేం అంటుకోవు. ముందు మాత్రం ఒక సబ్‌వూఫర్ తెచ్చుకోండి. చిన్నాచితకది కాదు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవనిది, లేచాక ముగ్గురు పట్టుకుంటే గాని దిగనిది!

నవ్వుతున్నారా? నవ్వండి. మా ఇంట్లోవాళ్లూ ముందు ఏడ్చారు. ఆ తర్వాతే నవ్వారు. ఎలా నవ్వారో చెప్పడానికే ఈ రాత.

సబ్‌వూఫర్ అంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉంటారు. వాళ్ల కోసం చెబుతున్నాను. అదొక నల్లటి పెట్టె. దాని పొట్టలో గుండ్రటి అట్ట ఒకటి ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. పాటలో అట్టడుగున ఉండే శబ్దాలన్నీ, అంటే చెవికన్నా ముందు కడుపుకి వినపడేవన్నీ, దాని వాటాకి వస్తాయి. అది పాడదు. మాట్లాడదు. మూలుగుతుంది. పెద్దపులి కలవరించినట్టు మూలుగుతుంది.

ఇలాంటి మహత్తరమైన వస్తువు మా ఇంటికి మా మనవడి వల్ల వచ్చింది. మా అమ్మాయి కొడుకు. ఇంట్లో వాడి పేరు ఢమాల్. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని వాళ్లమ్మ కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీస్తుంది. వాడు కంప్యూటర్ ముందు కూర్చుని డ్యాన్స్ పాటలు తయారుచేస్తాడు. పాటలంటే మాటలుంటాయనుకునేరు. ఒకసారి, ఒరే, ఈ పాట రాసింది ఎవర్రా అని అడిగితే, కరెంటు, అన్నాడు. మళ్లీ అడగలేదు.

వాడి బల్ల మీద రెండు స్టూడియో మానిటర్లున్నాయి. అవి కూడా స్పీకర్లే, కాకపోతే నిజాయితీ గల స్పీకర్లు. మామూలు స్పీకర్లు ఇల్లు అమ్మిపెట్టే బ్రోకర్లలాంటివి. గోడకి పగులుంటే గాలి బాగా వస్తుందని చెబుతాయి. మానిటర్లు అలా కాదు. పాటలో ఉన్న తప్పుని ఉన్నట్టు మొహం మీదే చెప్పేస్తాయి. మా పల్లెటూరి బళ్లో క్లాసు మానిటర్ ఒకడు ఇలాగే ఉండేవాడు. వాడి నిజాయితీ వల్ల నా వీపు ఎంత చదువుకుందో వాడికే తెలియాలి.

అయితే ఈ మానిటర్లకి ఒక లోపం. చిన్నవి. పైన పలికేవి బాగానే చెబుతాయి, అడుగున మోగేవి వాటికి అందవు. గుమ్మంలో నిలబడి బావిలో ఏముందో చెప్పమన్నట్టు. అక్కడే వచ్చింది మా వాడికి కష్టం.

ఊళ్లో కొత్తగా పెద్ద డ్యాన్స్ హాలు ఒకటి పెట్టారు. దాని యజమానురాలు ప్రతి వారం సంగీతం వాయించే మనిషి కోసం చూస్తోంది. మా వాడు ఒక పాట చేసి పట్టుకెళ్లాడు. ఆవిడ హాల్లో ఉన్న పెద్ద పెద్ద స్పీకర్లలో పెట్టి వింది. కాసేపటికి ఆపేసి, ఎంతో మర్యాదగా, "బాబూ, తలుపు బాదుతున్నావు గానీ లోపలికి ఎవరూ రావట్లేదు. పాట ఎక్కడుంది ఇందులో?" అందట. అయినా మంచి మనిషి. ఇంకొకటి చేసి తీసుకురా, బాగుంటే ఈ పని నీదే, లేదంటే మరొకర్ని చూసుకుంటాను అని చెప్పి పంపింది.

వాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ పని కోసం వాడు ఎంతకాలంగా తపిస్తున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్లమ్మ కూడా వాణ్ని ఢమాల్ అనే పిలిచింది, అసలు పేరు తియ్యలేదు. అంటే విషయం అంత దాకా వెళ్లిందన్నమాట.

మర్నాటికి వాడే రోగం కనిపెట్టాడు. "తాతయ్యా, నా గదిలో బేస్, అదే ఆ అడుగు శబ్దం, సరిగ్గా వినపడట్లేదు. వినపడకుండా ఎంత వేయాలో ఎలా తెలుస్తుంది? సబ్‌వూఫర్ కావాలి" అన్నాడు. చూశారా, ఎంత సబబైన మాటో! కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించమంటే ఎవరెక్కిస్తారు? పద, కొందాం అన్నాను. ఇంట్లో పెద్దవాణ్ని. సలహా ఇవ్వడం నా బాధ్యత. అడగకపోయినా ఇస్తాను, అది వేరే సంగతి.

స్పీకర్ల షాపులో నేను నేర్చుకున్న విద్య అంతా మీకు ఊరికే ఇచ్చేస్తున్నాను. శ్రద్ధగా వినండి.

సబ్‌వూఫర్లలో రెండు జాతులు. పూర్తిగా మూసేసిన పెట్టె ఒకటి, పక్కన గొట్టం తెరిచి ఉంచిన పెట్టె ఒకటి. మూసిన పెట్టె మా అల్లుడుగారిలాంటిది. అడిగినదానికి ముక్కుసూటిగా ఒక మాట చెప్పి ఊరుకుంటుంది. గొట్టం పెట్టె నాలాంటిది. మాట చెప్పడం అయిపోయినా కాసేపు సాగుతూనే ఉంటుంది. నాకు సహజంగానే గొట్టం పెట్టె నచ్చింది. మనవడికి సహజంగానే మూసినది నచ్చింది. ఇందులో నొచ్చుకోవలసింది ఏమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండో సంగతి, అట్ట వెడల్పు. ఎనిమిది అంగుళాల నుంచి పదిహేను, పద్దెనిమిది దాకా ఉన్నాయి. షాపాయన, మీ మానిటర్ల పక్కకి ఎనిమిది అంగుళాలది సరిజోడు అన్నాడు. పెద్దది పెడితే ఆ రెండూ దీని పక్కన పిల్లకాకుల్లా అరుచుకుంటూ ఉండిపోతాయట.

మూడోది, అప్పగింతలు. ఎంత దాకా మానిటర్లు పలకాలో, ఎక్కడ నుంచి సబ్‌వూఫర్ అందుకోవాలో ఒక మీట తిప్పి పెట్టాలి. మంచం మోసే ఇద్దరిలాగన్నమాట. గుమ్మం దాటేటప్పుడు ఒకడు ముందే వదిలేసినా, ఇద్దరూ ఒకేవైపు పట్టుకున్నా, మంచం మీద ఉన్నవాడి గతి ఏమిటి? మంచం మీద నేను ఉన్నప్పుడు ఏమైందో ఇక్కడ అప్రస్తుతం.

షాపాయన ఇవన్నీ అడిగాడు, చెప్పాడు, తిప్పి చూపించాడు. ఎలాంటి పాటలని అడిగాడు. మానిటర్లు ఏ సైజని అడిగాడు. మేం కూర్చునేది ఎక్కడో మాత్రం ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? గది మధ్యలో. ఫ్యాన్ కింద. వాడి బల్ల అక్కడే, దాని పక్కన నా పడక కుర్చీ అక్కడే. ఇంట్లో ఉన్న ఫ్యాన్లలో సరిగ్గా గాలి ఇచ్చేది అదొక్కటే. గాలి ఉన్న చోట మనిషి కూర్చుంటాడు గానీ, గోడ పక్కన కూర్చుని ఉడికిపోతాడా?

ఎనిమిది అంగుళాల పెట్టె తెచ్చి కిటికీ కింద పెట్టాం. పాట వేశాం. పక్కింట్లో ఎవరో నెమ్మదిగా తలుపు మూసినట్టు వినిపించింది. అంతే. నేనూ మనవడూ మొహమొహాలు చూసుకున్నాం. వాడు మీట తిప్పాడు. పక్కింటాయన ఇంకో తలుపు మూశాడు.

ఇంతలో మా అమ్మాయి గరిటెతో సహా పరుగున వచ్చింది. స్టవ్ మీద గిన్నెకి పెట్టిన మూత తనంతట తానే లేచి కూర్చుంటోందని, ఆ శబ్దం తగ్గించమని. ఏ శబ్దం? మాకు వినపడందే! ఆమె వెళ్లాక, మీ అమ్మ చిన్నప్పటి నుంచీ ఇంతేరా, చీమ నడిస్తే ఏనుగంటుంది, ఈ అతిశయోక్తులు ఎక్కణ్నుంచి వచ్చాయో అన్నాను. మనవడు నా వైపు ఒకసారి చూసి, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఎనిమిది చాలలేదు కాబట్టి పెద్దది కావలసివచ్చింది. విడిపోయిన ఒక బ్యాండు వాళ్ల దగ్గర పదిహేను అంగుళాలది దొరికింది. ఆ బ్యాండు ఎందుకు విడిపోయిందో అప్పుడు అడగాలని తోచలేదు. ఎనిమిదిదాన్ని అటక మీదకి తోసి, ఈ కొత్త దేవుణ్ని కిటికీ కింద ప్రతిష్ఠించాం.

ఇక్కడ మొదలయ్యాయి ఆ వస్తువు మహిమలు. నేను కళ్లారా చూసినవి, చూసినవాళ్లు చెప్పినవి, చెప్పకపోయినా జరిగి ఉంటాయని నాకు గట్టి నమ్మకం ఉన్నవి, అన్నీ కలిపి చెబుతున్నాను.

మా ఇంటి పై అంతస్తులో పళ్ల డాక్టరుగారి ఆసుపత్రి ఉంది. కదిలే పన్ను పీకించుకోవడానికి ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. డాక్టరుగారు చేతులు కడుక్కుని వచ్చేసరికి పన్ను ఒళ్లో ఉంది! మందు లేదు, సూది లేదు, నొప్పి లేదు. ఇంత సుఖంగా వైద్యం ఏ దేశంలో జరుగుతోంది?

మా అల్లుడుగారు గడియారాలు బాగుచేస్తారు. వెనక గదిలో కంటికి భూతద్దం తగిలించుకుని పని. ఆయన బల్ల మీద విప్పి పెట్టిన చక్రాలు, మరలు మెల్లగా నడుచుకుంటూ వెళ్లి ఒక మూల సభ పెట్టుకునేవి. ఎన్నో ఏళ్లుగా ఆగిపోయి, ఆశ వదిలేసిన ఒక గోడ గడియారం తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. వెనక్కి నడిచిందనుకోండి. అయినా నడకే కదా!

వంటింట్లో పంచదార డబ్బా నిండిపోయాక కూడా ఇంకో రెండు చెంచాలు పట్టేది, అంతగా కుదురుకునేది. ఫ్యాన్ల మీద దుమ్ము దులపక్కర్లేదు, అదే రాలేది. తీగ మీద ఆరేసిన బట్టలు వాటంతట అవే పిండుకునేవి. గోడ వెంట వెళ్లే చీమలు అడుగులో అడుగు వేస్తూ కవాతు చేసేవి, ఒకటి తప్పడుగు వేస్తే మిగిలినవి ఆగి దాని కోసం చూసేవి. ఎదురుగా ఉన్న మంగలి షాపులో ఆయన కత్తెర పట్టుకుని ఊరికే నిలబడితే చాలు, కటింగ్ అయిపోయేది. ఎలాంటి కటింగ్ అని మాత్రం అడక్కండి.

ఇన్ని మహిమలు జరుగుతున్నా మా గదిలో మాత్రం పక్కింటాయన తలుపు మూస్తూనే ఉన్నాడు. కొంచెం విసురుగా మూస్తున్నాడు, అంతే. మనవడు ఇంకా చాలట్లేదంటూ మీట తిప్పుతూనే ఉన్నాడు. హాలు యజమానురాలికి వినిపించాల్సిన రోజు దగ్గరపడుతోంది. వాడు సరిగ్గా తినట్లేదు, మాట్లాడట్లేదు. ఒకే ముక్కని మళ్లీ మళ్లీ వేసుకుని వింటున్నాడు. నేను పక్కన కూర్చుని ధైర్యం చెబుతున్నాను. వినిపించుకుంటున్నాడా లేదా అన్నది మనకి అనవసరం.

అసలు వరం ఇప్పుడు చెబుతాను.

ముందు మా అమ్మాయి దెబ్బలాడటానికి వచ్చింది. గది మధ్యకి వచ్చి, నోరు తెరిచి, ఆగిపోయింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. అటూ ఇటూ చూసింది. "ఇక్కడ ఇంత హాయిగా ఉందేంటి నాన్నా" అని నా కుర్చీ పక్కన కూలబడిపోయింది. లేచి వెళ్లి కూరగాయల బుట్ట, కత్తిపీట తెచ్చుకుని మళ్లీ అక్కడే కూర్చుంది.

తర్వాత అల్లుడుగారు వచ్చారు. ఆయన దెబ్బలాడే మనిషి కాదు, గుమ్మంలో నిలబడి దగ్గే మనిషి. భార్య సైగ చేస్తే లోపలికి వచ్చారు. వచ్చి, మళ్లీ వెళ్లి, తన చిన్న బల్లా భూతద్దమూ పట్టుకొచ్చేశారు. మామయ్యగారూ, కాస్త జరుగుతారా అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో ఆయన తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే కావచ్చు. జరిగాను.

మూడోవాడు డాక్టరుగారు. పోలీసులకి చెబుతానని మెట్లు దిగి వచ్చిన మనిషి, మధ్యాహ్నం తన భోజనం డబ్బాతో వచ్చి ఫ్యాన్ కింద చేరాడు. వెంట ఒక పేషెంటు, నోట్లో దూదితో. ఈ ఒక్క చోటే నా చెయ్యి వణకట్లేదండీ అని డాక్టరు చెప్పాడు. పేషెంటు కూడా ఏదో అన్నాడు, దూదిలోంచి అది బయటికి రాలేదు.

ఇల్లంతా వణుకుతుంటే, వీధంతా చెవులు మూసుకుంటే, నిశ్శబ్దం దొరికేది ఒక్క నా కుర్చీ చుట్టూ! అక్కణ్నుంచి లేచి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం లేదు. అందరి చేతులకీ పని ఉంది, చెవులు మాత్రం ఖాళీ. ఇలాంటి అవకాశం వస్తే నాలాంటివాడు ఏం చేస్తాడు? మీరే చెప్పండి.

కథలు మొదలుపెట్టాను.

మా ఎద్దు కథ చెప్పాను. ఎంత బద్ధకపు ఎద్దంటే, దాని నీడ విసుగెత్తి ముందే ఇంటికి వచ్చేసేది. నీడ వచ్చిందంటే ఎద్దు బయల్దేరిందని తెలిసి మేం కుడితి కలిపేవాళ్లం. మా మేనమామ గొంతు కథ చెప్పాను. ఏటికి ఇవతల నిలబడి అవతల ఉన్నవాళ్లకి కేక వేసి, పడవెక్కి అవతలికి చేరి, వెనక నుంచి వచ్చిన తన కేకకి తానే, ఏమిటోయ్ అని బదులు పలికేవాడు. అల్లుడుగారు భూతద్దం తీసి నవ్వారు. ఆయనకి నవ్వు వచ్చునని నాకు అంతవరకూ తెలియదు. డాక్టరుగారు పైన పేషెంట్లు ఎదురు చూస్తున్నా, "ఆ తర్వాత ఏమైంది పెద్దాయనా?" అని అడిగాడు. మా అమ్మాయి కూడా కత్తిపీట ఆపి అదే మాట అడిగింది.

ఆ తర్వాత ఏమైంది! ఈ మాట కోసం మనిషి ఎంత దూరమైనా నడుస్తాడు. నాకు నడవాల్సిన పనే లేకుండా పోయింది. మనుషులే నా దగ్గరికి వచ్చారు, పెట్టె తోలుకొచ్చింది.

అందుకే చెబుతున్నాను, సబ్‌వూఫర్‌ని తిట్టకండి. సంసారాన్ని ఒకచోట కూర్చోబెట్టే శక్తి దానికి తప్ప ఇంకెవరికి ఉంది? ఫోన్ చేయలేదు ఆ పని. టీవీ చేయలేదు. నేను పొద్దస్తమానం పిలిచినా ఎవరూ రాలేదు.

ఒకనాటి పగలు, మా మేనమామ పడవని నెత్తిన పెట్టుకుని ఏరు దాటిన కథ చెబుతున్నాను. పడవకి ఈత రాదని ఆయనకి అనుమానం. ఈ కథ కూర్చుని చెబితే రక్తి కట్టదు. లేచాను. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నట్టు గుమ్మం వైపు అడుగులేశాను.

గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి కడుపులో ఎవరో గుద్దినట్టయింది. ముక్కు మీద కళ్లద్దాలు గంతులేశాయి. గొంతులో ఉన్న మాట గొంతులోనే వణికిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాను, తగ్గింది. ఇంకో అడుగు వేశాను, ఇంకా తగ్గింది. ఫ్యాన్ కిందకి వచ్చాను, పక్కింటాయన తలుపు మూశాడు.

అందరూ ఆ తర్వాత కోసం చూస్తున్నారు. నేను మనవడి వీపు వైపు చూశాను. వాడు మీట మీద చెయ్యి వేసి ఇంకొంచెం పెంచాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇంట్లోవాళ్లందరికీ, వీధిలో వాళ్లకీ, చీమలకీ వినపడుతున్న పాట ఒక్క వాడికే వినపడట్లేదు. వాడికి వినపడట్లేదని వాడు పెంచుతున్నాడు. ఈ పాట పట్టుకుని హాలుకి వెళితే, ఆవిడ మళ్లీ అదే ప్రశ్న అడుగుతుంది, ఈసారి ఇంకొక అవకాశం ఇవ్వదు.

చెప్పాలా? చెబితే వాడు సర్దుకుంటాడు, ఇల్లు కుదుటపడుతుంది, నా చుట్టూ కూర్చున్నవాళ్లు లేచిపోతారు. డాక్టరుగారు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. జీవితంలో ఇలాంటి సభ మళ్లీ దొరకదు. మేనమామ కూడా ఏటి మధ్యలో ఉన్నాడు, పడవ నెత్తి మీదే ఉంది.

"ఒరే, ఇలా గుమ్మం దగ్గరికి రా" అన్నాను.

"ఆగు తాతయ్యా. బేస్ ఇంకా చాలట్లేదు."

"చాలట్లేదో ఎక్కువైందో ఇక్కడికొచ్చి చెప్పు."

విసుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు చెక్క మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. ముందు గదిలోకి వెళ్లాడు, వంటింట్లోకి వెళ్లాడు, వీధిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాడి మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఇన్నాళ్లూ ఇలాగే వినిపిస్తోందా?" అన్నాడు.

"మరి ఇన్నాళ్లూ మేం మొత్తుకుంటున్నది దేని గురించి?" అంది వాళ్లమ్మ, వంకాయ తరుగుతూనే.

"అందరూ ఇక్కడికొచ్చి కూర్చుని నవ్వుతుంటే, బాగుందని వచ్చారేమో అనుకున్నాను."

"బాగుండి రాలేదురా, ఇక్కడ వినపడదని వచ్చాం" అన్నారు అల్లుడుగారు. ఆయన మాట మూసిన పెట్టె మాట అని ముందే మనవి చేశాను.

నా కథల గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇక మనవడికి అంతా వెలిగింది. వాడు ఎప్పుడో చదివాడట, పెద్ద హాళ్లకేలే మన గదికెందుకులే అని వదిలేశాడట. అడుగు శబ్దాలు గోడకీ గోడకీ కొట్టుకుని వెనక్కి వస్తాయి. కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి పడి కొండలా పేరుకుంటాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి మింగేసి మాయమైపోతాయి. మా గదిలో ఆ మింగేసే చోటు సరిగ్గా ఫ్యాన్ కింద. గాలి కోసం కూర్చున్నాం, అదే గోతిలో కూర్చున్నాం.

దీనికి విరుగుడు ఉంది. అది చూసి తీరాలి గానీ చెబితే నమ్మరు. నేను చెబితే ఎటూ నమ్మరు.

ముందు బల్లని ఫ్యాన్ కింద నుంచి లాగి గోడకి కాస్త దగ్గరగా వేశారు. షాపాయన మాటే నిజమని పదిహేనుదాన్ని వరండాలోకి గెంటి, అటక మీద నుంచి ఎనిమిది అంగుళాల పెట్టెని దించి, మనవడు కూర్చునే కుర్చీలో దాన్ని కూర్చోబెట్టారు. అవును, మనిషి కూర్చునే చోట పెట్టె! పాట వేశారు. ఇప్పుడు మనుషులు గోడల వెంట నేల మీద పాక్కుంటూ, ఎక్కడ బేస్ నిండుగా, ఉబ్బకుండా, సమంగా వినపడుతుందో వెతకాలి. దొరికిన చోట పెట్టెని పెట్టి, మనిషి మళ్లీ తన కుర్చీలో కూర్చోవాలి. రాజ్యాలేలినవాళ్లని కూడా మోకాళ్ల మీద నడిపించే శాస్త్రం ఇది.

మనవడు పాకాడు. వాళ్లమ్మ కొంగు బిగించి పాకింది. అల్లుడుగారు భూతద్దంతో పాకారు, అది ఎందుకో నాకు తెలియదు. డాక్టరుగారు తెల్లకోటుతో పాకాడు, వెనకాల పేషెంటు. కొరియర్ తెచ్చిన ఆయన గుమ్మంలో నిలబడి, ఏం పోయిందండీ, నేనూ వెతకనా అన్నాడు. పోలేదు, ఎక్కువైంది అన్నాడు డాక్టరు. మంచం కింద డాక్టరుగారి తలా మా అమ్మాయి తలా ఢీకొన్నాయి. ఇద్దరూ, ఇక్కడ బాగా మోగింది అన్నారు. ఆ ఓటు లెక్కలోకి తీసుకోలేదు.

చివరికి బీరువా పక్కన అల్లుడుగారు ఆగిపోయారు. గడియారం చెవిలో పెట్టుకుని వినేవాడిలా తల వంచి, కళ్లు మూసుకుని, ఇక్కడ అన్నారు. మనవడు వెళ్లి విన్నాడు. అక్కడే.

ఎనిమిది అంగుళాల పెట్టె బీరువా పక్కన చేరింది. మనవడు కొత్త చోట కుర్చీలో కూర్చుని తన పాట తాను మొదటిసారి విన్నాడు. ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. మీట తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. తగ్గించిన కొద్దీ ఆ మూలుగుడు కింద నుంచి, వాన వెలిశాక బయటికొచ్చిన పిట్టల్లా, ఏవేవో చిన్న చిన్న శబ్దాలు తలలెత్తాయి. అదేదో రాగంలా ఉంది. ఒరే, ఇది నువ్వు చేసిందేనా అన్నాను. "నేను చేసిందే తాతయ్యా. నాకే తెలియదు" అన్నాడు.

ఆ పాట పట్టుకుని హాలుకి వెళ్లాడు. యజమానురాలు కళ్లు మూసుకుని వింటోందట. కాసేపటికి ఆవిడ చెప్పు నేల మీద తాళం వేస్తూ కనపడిందట. పాట అయ్యాక కళ్లు తెరిచి, వచ్చే వారం నుంచి రా, అని ఒక్క మాట అందట. వాడు ఇంటికి వచ్చి నా కాళ్లకి దణ్నం పెట్టి, నీ వల్లే తాతయ్యా అన్నాడు. ఆ పూట కంచం ఖాళీ చేసి, మళ్లీ వడ్డించుకున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

ఏమీ అక్కర్లేదు. నేను ఎంతో సంతోషంగా ఉన్నాను. రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మా ఇల్లు ఆదర్శగృహం. మూతలు గిన్నెల మీదే ఉంటున్నాయి. అల్లుడుగారి చక్రాలు బల్ల దిగట్లేదు, ఆయన వెనక గదిలోకి వెళ్లిపోయారు, గడియారాలతో తప్ప మాట్లాడట్లేదు. డాక్టరుగారు మెట్ల మీద కనపడి నమస్కారం పెడతాడు, ఆగడు. చీమలు ఎవరికి తోచినట్టు అవి నడుస్తున్నాయి. మనవడికి పనంటే పని, చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ తీసే తీరిక కూడా లేదు. నేను గది మధ్యలో ఫ్యాన్ కింద ఒక్కణ్నే హాయిగా గాలి తింటున్నాను. ఎంత నిశ్శబ్దమో! నా కుర్చీ కిర్రుమంటే నాకే ఉలిక్కిపాటు.

మొన్న వంటింటి గుమ్మంలో నిలబడి, అమ్మాయ్, ఏటి మధ్యలో మా మేనమామకి ఒక చేప ఎదురొచ్చిందే అని మొదలుపెట్టాను. "తర్వాత వింటాను నాన్నా" అంది, చాలా ప్రేమగా. ఆ తర్వాత ఏమైంది అని అడిగిన నోటితోనే. మాటలు అవే, వరస మారింది, అంతే.

కాబట్టి పాఠక మహాశయులకి మనవి. పదిహేను అంగుళాల పెట్టె ఒకటి మా వరండాలో ఖాళీగా పడి ఉంది. మంచి ఊపిరి మీద ఉన్న పెట్టె. డబ్బు వద్దు, రవాణా ఖర్చు నేనే పెట్టుకుంటాను. మీ ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుని కూర్చుంటున్నట్టయితే తప్పకుండా పట్టుకెళ్లండి. షరతు ఒక్కటే, దానితో పాటు నన్నూ నా పడక కుర్చీనీ కూడా బండెక్కించాలి. ఇల్లంతా అదిరిపోతున్నప్పుడు కుర్చీ వేసుకోదగిన ఆ ఒక్క నిశ్శబ్దమైన చోటు మీ ఇంట్లో ఎక్కడుందో మీరు శ్రమపడి వెతకనక్కర్లేదు. మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. నేనే పాక్కుంటూ వెతుక్కుంటాను.